మాసబ్ ట్యాంకులో ట్యాంకు ఏది?

పిల్లలూ! మీరు ఎప్పుడైనా హైదరాబాదు వస్తే మాసబ్ ట్యాంక్ స్టాపులో బస్సు దిగి, "ట్యాంకు ఎక్కడ?" అని ఎవరినైనా అడిగి చూడండి. పాలిటెక్నిక్ కాలేజీ చూపిస్తారు. ఫ్లైఓవరు చూపిస్తారు. మెహదీపట్నానికి దారి ఇది, లక్డీకాపూల్‌కు దారి అది అని చెప్తారు. చెరువును మాత్రం ఎవ్వరూ చూపించరు. లేని దాన్ని ఎట్లా చూపిస్తారు?

మొన్న ఒక ఆదివారం నా మనమరాలిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ పిల్ల ఆరో తరగతి చదువుతున్నది. నేను ముప్ఫైయేళ్ళకు పైగా బడిపంతులుగా, అందులో కొంతకాలం హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి గనక, ఊరికే తీసుకువెళ్ళలేదు. "దారిలో వచ్చే ప్రతి ఊరి పేరుకూ అర్థం చెప్పాలి సుమా!" అని షరతు పెట్టాను.

అమీర్‌పేటలో బస్సు ఎక్కాము. ఆడపిల్ల గనక దానికి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. నాకు మాత్రం డబ్బులు పడ్డాయి. అమీర్‌పేటలో 'పేట' తేలికగానే చెప్పింది. పంజాగుట్ట వచ్చేసరికి "గుట్ట అంటే కొండ తాతయ్యా!" అన్నది. నిజమే, అక్కడ నేల ఎత్తు. అక్కడినుంచి బస్సు బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు పట్టింది. 'హిల్స్' అన్నా కొండలే కదా! అంటే మేము రాతిగుట్టల మధ్యనుంచి పోతున్నామన్నమాట. ఆ తరువాత దిగుడు మొదలైంది. మాసబ్ ట్యాంక్ దగ్గర పడేకొద్దీ రోడ్డు వాలుగా కిందికి జారింది.

"ట్యాంకు అంటే చెరువు. మరి చెరువేదీ?" అని మనమరాలు కండక్టరమ్మను అడిగింది.

"చెరువు ఏడుంది బిడ్డా! గిది స్టాపు పేరు," అన్నది ఆమె నవ్వుతూ.

స్టాపు పేరు! నాలుగు వందల ఏళ్ళ చరిత్ర చివరకు స్టాపు పేరుగా మిగిలింది.

ఈ పేరు కథ చెప్తాను. హైదరాబాదు నగరాన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా స్థాపించాడని మీరు చదివే ఉంటారు. ఆయన కుమార్తె హయాత్ బక్షీ బేగం. ఆమె భర్త సుల్తాను, కొడుకు అబ్దుల్లా కుతుబ్ షా కూడా సుల్తానే. కూతురుగా, భార్యగా, తల్లిగా ముగ్గురు సుల్తానుల పాలన చూచిన ఆమెను జనం 'మా సాహెబా', అంటే 'అమ్మగారు' అని పిలిచేవారు. నగరానికి తూర్పున ఉన్న హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసిందే. ఇక్కడి చెరువుకు కూడా మా సాహెబా పేరే వచ్చింది. జనం నాలుకల మీద నలిగి నలిగి 'మా సాహెబా ట్యాంకు' కాస్తా 'మాసబ్ ట్యాంకు' అయింది. అమ్మ పోయింది, చెరువూ పోయింది, పేరు మాత్రం బస్సు నుదుటి మీద తిరుగుతూనే ఉన్నది.

చెరువు ఉండిన చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది. మేము లోపలికి వెళ్ళి ఒక చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాము. పార్కు మంచిదే. పిల్లలు ఆడుకుంటున్నారు, పెద్దవాళ్ళు నడుస్తున్నారు. నేను పార్కును తిట్టడానికి వెళ్ళలేదు. మేడలు పడవలసిన చోట పచ్చిక అయినా మిగిలినందుకు సంతోషించాలి. అయినా ఆ బల్ల మీద కూర్చుని చుట్టూ చూస్తే, ఇది నీళ్ళు చేరడానికి ప్రకృతి తీర్చిన పళ్ళెమని తెలిసిపోతుంది. బంజారా గుట్టల మీద పడిన వాన ఎక్కడికి పోవాలి? పల్లానికి. పల్లానికి అడ్డంగా పూర్వులు కట్ట పోశారు. అదే చెరువు.

చెరువు అంటే గుంట అనుకోకండి. అది ఒక యంత్రం. కట్ట నీటిని ఆపుతుంది. తూము కావలసినంత నీటిని పొలాలకు వదులుతుంది. ఎక్కువైన నీరు కట్ట తెంచకుండా పక్కనుంచి పొర్లిపోవడానికి అలుగు ఉంటుంది; మన తెలంగాణలో దాన్నే మత్తడి అంటారు. పై చెరువు మత్తడి దూకిన నీరు కాలువ వెంట పోయి కింది చెరువులో పడుతుంది. అది నిండితే ఆ కిందిది. వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. గొలుసులో ఒక కడియం తీసేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీనదికి మహా వరద వచ్చింది. నగరంలో వేలాదిమంది కొట్టుకుపోయారు. వరదలు రాకుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన లెక్క తీస్తే నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగాయని తేలింది. చెరువులే వరద తెచ్చాయి గనక వాటిని పూడ్చండి అని ఆయన అన్నాడా? లేదు! ఇంకా పెద్దవి కట్టండి అన్నాడు. ఆ సలహా మీదనే ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నీటికి చోటు కావాలి, ఆ చోటు మనం ముందే చూపించాలి అని ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పలకలు తియ్యండి! ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 40 వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అంటే ఎకరానికి దాదాపు 9 లక్షల 70 వేల లీటర్లు. పది ఎకరాల కుంట ఒక మీటరు లోతున నిండితే ఎంత పడుతుంది? 4 కోట్ల లీటర్లు. వీధుల్లో తిరిగే 5 వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లతో కొలిస్తే 8 వేల ట్యాంకర్లు! ఆ కుంటను మట్టి పోసి ఎత్తు చేశాం అనుకోండి. మట్టి కుంటను పూడుస్తుంది గాని వానను పూడ్చలేదు కదా. ఆ 8 వేల ట్యాంకర్ల నీళ్ళు మరొక పల్లం వెతుక్కుంటాయి. నిన్నటిదాకా పల్లం కాని మీ వీధి రేపు పల్లం అవుతుంది.

దీన్ని ఇంట్లో పరీక్షించవచ్చు. రెండు పళ్ళాలు తీసుకుని, ఒక్కొక్కదానికి ఒక వైపున పుస్తకం ఎత్తు పెట్టండి. ఒకదానిలో పాత స్పాంజి ముక్క, రెండోదానిలో నున్నని టైలు పెట్టి, పైనుంచి చెరొక గ్లాసు నీళ్ళు పోయండి. టైలు మీద నీళ్ళు గబగబా కిందికి వచ్చేస్తాయి. స్పాంజి మొదట కొన్ని తాగి, మెల్లగా వదులుతుంది. చెరువుగట్టు తడినేల, జమ్ము, తుంగ, బురద అంతా కలిసి ఆ స్పాంజి పనే చేస్తాయి. అవి తాగిన నీరు నేలలోకి ఇంకి బావుల్లో తేలుతుంది. టైలు పళ్ళెం మీ అమ్మగారు అడిగితే మాత్రం నా పేరు చెప్పకండి.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో చెప్తాను. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక ఊళ్ళో బడి వెనక ఒక కుంట ఉండేది. వానాకాలంలో కప్పలు పాఠం వినిపించనిచ్చేవి కావు. ఎండాకాలంలో ఎండిపోతే మా పిల్లలు అందులో కబడ్డీ ఆడేవారు. ఒకనాడు ఆఫీసు గోడ మీద ఒక కాగితం అంటించారు. ఫలానా సర్వే నంబరు భూమిని చదును చేసి కట్టడాలకు ఇవ్వదలిచామని, అభ్యంతరాలు ఉన్నవారు పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉన్నది. చదివాను. ఆ నంబరు మా కుంటదేనని కూడా తెలుసుకున్నాను. కాని అవి పరీక్షల రోజులు. పేపర్లు దిద్దడానికి జిల్లా కేంద్రానికి పోవాలి. 'వచ్చాక రాద్దాంలే' అనుకున్నాను. పద్ధెనిమిదో రోజున కాగితం పట్టుకుని వెళ్తే, "గడువు అయిపోయింది సార్," అన్నాడు గుమాస్తా. అతని తప్పేమీ లేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి నేను మాత్రం గేటు తీసేవాణ్ణా?

టిప్పర్లు వచ్చాయి. నెల తిరిగేసరికి కుంట లేదు. రెండేళ్ళకు ఒక శ్రావణమాసపు వానలో మా ఆరో తరగతి గదిలోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి. హాజరు పట్టీలు నానిపోయాయి. ఆ వేసవికే బడి చేతిపంపు గాలి కొట్టడం మొదలుపెట్టింది. కుంట పూడ్చడమే దీనికంతటికీ కారణమని నేను నిరూపించలేను. కాని ఆ గదిలో నీళ్ళు తోడుతున్న పిల్లల ముఖాలకేసి చూడలేకపోయాను.

అందుకే మనమరాలికి ఆ పార్కులో 'అభ్యంతరం' అనే మాట నేర్పాను. "అంటే పోట్లాటా తాతయ్యా?" అన్నది. కాదు. మీరు ఒక పని చెయ్యబోతున్నారు, దానివల్ల ఈ నష్టం ఉన్నది, కాస్త ఆగి చూడండి అని సంతకం పెట్టి చెప్పడం. క్లాసులో పంతులుగారు లెక్క తప్పు వేస్తే మీరు చెయ్యి ఎత్తరూ? అదే.

అట్లా చెయ్యి ఎత్తినవాళ్ళు మన తెలుగునాట ఉన్నారు. తిరుపతి దగ్గర అవిలాల చెరువు, పేరూరు చెరువు అని రెండు ఉన్నాయి. 1991లో పేరూరు చెరువు భూమిని, 1994లో అవిలాల చెరువు భూమిని ఇళ్ళు కట్టడానికి ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. తిరుపతిలోని ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంఘంవారు అభ్యంతరం చెప్పారు. ఆ చెరువుల్లో నీళ్ళే లేవు, సేద్యానికి పనికిరావు అని ప్రభుత్వం వాదించింది. హైకోర్టులో సంఘంవారు ఓడిపోయారు. మానలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2006 ఫిబ్రవరి 23న తీర్పు వచ్చింది: చెరువుల వంటివి ప్రజలందరి సొత్తు, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే. ఇక అక్కడ కొత్త కట్టడాలు కూడదు. కట్టిన ఇళ్ళమీద పడే వాననీరు భూమిలోకి ఇంకేటట్లు చెయ్యాలి. పేరూరు చెరువుకు నీరు తెచ్చే వాగును బాగుచెయ్యాలి అని కోర్టు ఆదేశించింది. కాని చూడండి, అప్పటికే లేచిన ఇళ్ళు లేచిపోయాయి. పదిహేనేళ్ళు ఆలస్యమైతే గెలుపు కూడా సగమే దక్కుతుంది.

'నీళ్ళు లేవు గనక చెరువు కాదు' అనే మాట మీరు పెద్దయ్యాక చాలాసార్లు వింటారు. చెరువు హద్దు ఎండాకాలంలో కొలవకూడదు. నిండా నిండినప్పుడు నీటి అంచు ఎక్కడిదాకా వస్తుందో అదే హద్దు. దాన్ని పూర్తి నీటిమట్టం అంటారు, పత్రికల్లో ఎఫ్.టి.ఎల్. అని రాసేది దాన్నే. నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను మనవారు శిఖం అన్నారు. శిఖంలో రైతు పంట వేసుకోవచ్చు, కాని మేడ కట్టరాదు. మళ్ళీ వాన వస్తే నీరు తన చాప తాను పరుచుకుంటుంది.

ఇక సోంపేట సంగతి. రిటైరయ్యాక ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి చూచాను. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు అది. కొబ్బరితోటలు దాటి వెళ్తే కంటికి ఆనినంత మేర తడినేల. దాన్ని అక్కడివారు బీల అంటారు. కొంత నీరు, కొంత గడ్డి, కొంత వరి. గేదెలు మెడదాకా నీళ్ళలో నిలబడి నెమరు వేస్తున్నాయి. తెల్లకొంగలు వాటి వీపుల మీద సవారీ చేస్తున్నాయి. ఒక ముసలాయన మావు దగ్గర చేపలు ఏరుతూ, "ఎవులు బాబూ?" అని అడిగాడు. బడిపంతుల్ని అని చెప్తే, "బీల చూడ్డానికొచ్చారేటి! చూడండి, చూడండి" అని నవ్వాడు.

ఈ బీలలో 970 ఎకరాలకు పైగా భూమిని 2008లో ప్రభుత్వం ఒక బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించింది. కాగితాల్లో అది పనికిరాని బీడు. రైతులు, జాలరులు "ఇది బీడు కాదు, మా అన్నం" అన్నారు. మన దేశంలో ఇట్లాటి పెద్ద పనులకు 2006 నాటి నిబంధన ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి, ఆ ఊళ్ళోనే సభ పెట్టి, ప్రజల మాట వినాలి. 2009 ఆగస్టులో సభ జరిగింది. జనం వద్దన్నారు. అయినా ఆ డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది. అప్పుడు వారు ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు పెట్టుకున్నారు.

2010 జూలై 14. కంపెనీవారు పని మొదలుపెట్టడానికి బీలకు వచ్చారు. వెంట పోలీసులు వచ్చారు. వేలాది జనం అడ్డు నిలిచారు. కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. సరిగ్గా ఆ రోజే అక్కడ ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల బీడు కాదు, తడినేల అని తేల్చింది.

పిల్లలూ, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తల్లిదండ్రులు కూడా ఈ పేజీ చదువుతారు గనక రాస్తున్నాను. ఆ కాగితం ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే! లేదా మొదట అనుమతి ఇచ్చేముందే ఎవరైనా ఒక పెద్దమనిషి వెళ్ళి, గేదెలు నిలబడిన ఆ నీళ్ళను తన కళ్ళతో చూచి ఉంటే! నాకు పదిహేను రోజుల గడువు దాటింది. పోయింది కుంట ఒక్కటే. అక్కడ ఒక్క రోజు తేడాకు మనుషులే పోయారు. బీల మాత్రం ఆ విద్యుత్ కేంద్రానికి పోలేదు.

ఇదంతా చెప్పేసరికి మనమరాలు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే పూడ్చిన చెరువు మళ్ళీ రాదా?" అని అడిగింది. ఒక్కొక్కసారి వస్తుంది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఉండేది. చెత్త, మట్టి పడి, ముళ్ళకంపలు పెరిగి కుంట ఆనవాలే పోయింది. 2025 ఫిబ్రవరిలో హైడ్రా సంస్థవారు తవ్వించడం మొదలుపెడితే కొద్ది అడుగుల లోతులోనే నీరు ఊరింది! ఆ సెప్టెంబరులో, బతుకమ్మ పండుగ రోజుల్లో, దాన్ని మళ్ళీ కుంటగా తెరిచారు. మొత్తం కాదు, పాత కుంటలో మిగిలిన భాగాన్నే. అంతా దక్కలేదు గాని నేలకు జ్ఞాపకం ఉన్నదని మాత్రం తేలింది.

ఇంకో తమాషా. నాగార్జునసాగర్ పోయే దారిలో తుర్కయంజాల్ దగ్గర మాసబ్ చెరువు అని మరొకటి ఉన్నది. పేరు అదే, కాని అందులో నీళ్ళు ఉన్నాయి! వచ్చే సెలవుల్లో అక్కడికి తీసుకుపోతానని మాట ఇచ్చాను. దాని హద్దురాళ్ళు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకుంటానని మనమరాలు అన్నది. నల్లకుంటలో కుంట ఉండేదా అని కూడా విచారించాలట. మీ ఊళ్ళో కూడా కుంట, చెరువు, సాగర్, మడుగు అని తోకలున్న పేర్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో నీళ్ళున్నవి ఎన్నో లెక్కతీసి సంపాదకులకు రాయండి. ఆ కుంట ఉన్ననాటి సంగతులు మీ అమ్మమ్మలను, తాతలను అడగండి. ఆ లెక్క కాగితం మీద ఉండడం మంచిది. రేపు గోడ మీద ఎవరైనా నోటీసు అంటిస్తే పనికివస్తుంది.

లేచేముందు మనమరాలు తన సీసాలో మిగిలిన నీళ్ళు పార్కు బయట నడకదారి మీద పోసింది. "ఎటు పోతాయో చూద్దాం తాతయ్యా!" అన్నది. నీళ్ళు రెండు క్షణాలు ఆలోచించినట్లు నిలబడి, సన్నని తోకలాగా సాగి, రాళ్ళ సందుల్లోంచి మెల్లగా వెనక్కి, పార్కు వైపే పారాయి.

అంతలో మా బస్సు వచ్చింది.